పెరుగులో సబ్జా గింజలు నేరుగా వేసుకోవచ్చా, నానబెట్టాలా?

నీళ్లలో నానబెట్టాకే వెయ్యాలి. తడి తగిలితే సబ్జా గింజ పైపొర జిగురుగా ఉబ్బుతుంది. గట్టి పెరుగులో నీరున్నా అది గడ్డలో చిక్కుకుని ఉంటుంది, గింజకి తొందరగా అందదు. పైగా గింజలు ఒకదానికొకటి అంటుకుని ఉండ కడతాయి, లోపలివి పొడిగానే మిగులుతాయి. పొడి గింజ గొంతులో ఉబ్బి అడ్డం పడొచ్చు, పిల్లలకీ ముసలివాళ్లకీ మరీను.

సబ్జాతో పెరుగు అటుకులు చేసుకోవాలంటే, ఒకరి టిఫిన్‌కి చెంచాడు సబ్జాని అర గ్లాసు నీళ్లలో 15 నిమిషాలు నానబెట్టండి. గింజ చుట్టూ తెల్లటి పొర కట్టి నడుమ నల్లచుక్క కనిపిస్తే నానినట్టే. గుప్పెడు పల్చటి అటుకులు కడిగి వెంటనే వార్చెయ్యండి, నీళ్లలో వదిలేస్తే ముద్దైపోతాయి. వడ్లని నానబెట్టి, వేయించి దంచినవే కాబట్టి మళ్లీ ఉడికించక్కర్లేదు. అటుకుల్లో సబ్జా, కప్పు పెరుగు, చిటికెడు ఉప్పు, క్యారెట్ తురుము కలిపితే అయిపోయింది. విశాఖ ఉక్కలో పెరుగు రాత్రంతా బయట ఉంటే పొద్దుటికి పులిసిపోతుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి.

సబ్జా, చియా ఒకటేనని చాలామంది అనుకుంటారు. కాదు. సబ్జా తులసి జాతి మొక్క గింజ, నల్లగా ఉంటుంది. చియా మెక్సికో వైపు మొక్కది, బూడిదరంగు మచ్చలుంటాయి, నెమ్మదిగా నానుతుంది. దాన్ని పల్చటి పెరుగులో కలిపి, పది నిమిషాలకి మళ్లీ కలియబెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. అవిసె గింజలైతే పొడి కొట్టే వెయ్యాలి. నమలని గింజ అరక్కుండానే బయటికి పోతుంది.