బ్రేకాయిల్‌లో నూనె ఉండదు: పాత బండ్ల డిస్క్ బ్రేకులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: నాది 2001 మోడల్ హీరో హోండా సీబీజడ్. ఇంటి దగ్గర తీసినప్పుడు బాగానే ఉంటుంది. లక్డీకాపూల్ సిగ్నల్ చేరేసరికి ముందు చక్రం పట్టేస్తోంది. పావుగంట ఆపితే దానంతట అదే వదులుతుంది. క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం) సీళ్లు కొత్తవి వేయించినా మార్పు లేదు. (మెహదీపట్నం)

జవాబు: చల్లారాక వదలడమే ఇక్కడ గట్టి ఆధారం. వేడికి బ్రేకాయిల్ వ్యాకోచిస్తుంది. లివర్ వదిలి ఉన్నప్పుడు ఆ ఎక్కువైన ఆయిల్, లివర్ నొక్కితే ఆయిల్‌ను కిందికి నెట్టే మాస్టర్ సిలిండర్‌లోని చిన్న రంధ్రం గుండా పై డబ్బీలోకి తిరిగి పోవాలి. డబ్బీ అడుగున రెండు రంధ్రాలుంటాయి. గుండుసూది మొన పట్టేంత సన్నగా ఉన్నది ఇదే. అది మూసుకుపోతే ఆయిల్‌కు దారి లేక క్యాలిపర్ పిస్టన్‌ను నెడుతుంది. ప్యాడ్లు రాసుకుంటాయి, వేడి ఇంకా పెరుగుతుంది, చివరికి చక్రం బిగుసుకుంటుంది.

మూసుకుపోవడానికి కారణాలు మూడు. మడ్డి పేరుకోవడం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ ముందుండే మొదటి కప్పు వాషర్ (కప్పు ఆకారపు రబ్బరు సీల్) ఉబ్బి రంధ్రాన్ని కప్పేయడం. లివర్‌కు ఆట లేక అదే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాకపోవడం. బయట కొన్న లివర్ వేసిన బండ్లలో మూడోది తరచూ కనిపిస్తుంది, కాబట్టి ముందు దాన్నే చూడండి. లివర్ కదిలాక, పిస్టన్‌ను తాకేలోపు కొద్దిగానైనా ఆట తగలాలి.

మళ్లీ పట్టేసినప్పుడు వరసగా ఇలా చేయండి. గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మాస్టర్ సిలిండర్‌కు హోస్ (ఆయిల్ గొట్టం) బిగించే బాంజో బోల్టును కాస్త వదులు చేయండి. చక్రం వదిలితే లోపం మాస్టర్ సిలిండర్‌లో ఉన్నట్టు. వదలకపోతే దాన్ని బిగించి, కింద క్యాలిపర్ మీద గాలి తీసే బ్లీడింగ్ నిపుల్ తిప్పండి. అప్పుడు వదిలితే హోస్ లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసిందని అర్థం. పైకి కొత్తగా కనిపించినా ఆ హోస్ మార్చాల్సిందే. నిపుల్ తీసినా వదలకపోతే క్యాలిపర్ పిస్టన్ గానీ, క్యాలిపర్ జారే పిన్నులు గానీ ఇరుక్కున్నాయి. దేన్ని వదులు చేసినా, ఆయిల్ దారిలో చేరిన గాలి తీసేశాకే బండి రోడ్డెక్కాలి.

క్యాలిపర్ పిస్టన్ దగ్గరే ఇరుక్కుంటే, కొత్త సీళ్లు వేసినవారు సీల్ కూర్చునే గాడిని శుభ్రం చేశారా అన్నది కనుక్కోండి. చదరపు అంచుల ఆ సీల్ ఆయిల్‌ను ఆపడంతో సరిపెట్టుకోదు. పిస్టన్‌తోపాటు కొంచెం మెలితిరిగి, లివర్ వదలగానే సర్దుకుంటూ పిస్టన్‌ను వెనక్కి లాగేది కూడా అదే. దానికి వేరే స్ప్రింగు లేదు. గాడి అడుగున తెల్లగా, సున్నంలా పొర పేరుకుంటే సీల్ పైకి తేలి పిస్టన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. సీల్ తీసి గాడిలో వేలిగోరు పెట్టి చుట్టూ తిప్పండి. గరగరమంటే పొర ఉన్నట్టే. గీత పడకుండా ఇత్తడి ముల్లుతోనో వెదురు పుల్లతోనో గోకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి.

ప్రశ్న: మాస్టర్ సిలిండర్ కిట్ (లోపలి పిస్టన్, వాషర్లు, స్ప్రింగు) ఇంట్లోనే మార్చుకోవచ్చా? (చంపాపేట)

జవాబు: లోపలి సర్‌క్లిప్ ప్లయర్ (పిస్టన్‌ను ఆపి ఉంచే రింగును తీసే పటకారు) ఉంటే మార్చుకోవచ్చు. అది లేకుండా స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే సిలిండర్ గోడ గీరుకుపోతుంది, దాంతో సిలిండరే పోతుంది.

హైదరాబాద్‌లో విడిభాగాలమ్మే పుత్లీబౌలిలోనో జాంబాగ్‌లోనో కిట్ కొనేటప్పుడు ప్యాకెట్ ఎండలో వేలాడదీసినది వద్దు. వాషర్ అంచును వేళ్లతో మడిచి చూడండి. సన్నటి పగుళ్లు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

ట్యాంకు మీద తడి గుడ్డ కప్పి మొదలుపెట్టండి. బ్రేకాయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోసి కడగాలి. విప్పేటప్పుడు భాగాలు వచ్చిన వరసలోనే పళ్లెంలో పేర్చి ఫొటో తీసుకోండి. ఆ సన్న రంధ్రాన్ని క్లచ్ కేబుల్ నుంచి తీసిన ఒక్క పోగుతో మెల్లగా పొడవాలి. డ్రిల్లుతో పెద్దది చేయవద్దు. గోడలో తడిమితే తగిలే గుంటలుంటే కిట్ వేసినా కొన్నాళ్లకు కారుతుంది, సిలిండర్ మార్చడమే మేలు.

కొత్త వాషర్లకు తాజా బ్రేకాయిల్ పూయండి, లేదా బ్రేకుల కోసమే అమ్మే ఎర్ర రబ్బర్ గ్రీజు వాడండి. మామూలు గ్రీజు తగలకూడదు. కప్పు నోరు స్ప్రింగు వైపు, అంటే ఆయిల్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే లివర్ పట్టు చిక్కదు. బాంజో బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయండి.

తర్వాత గాలి తీయడం. నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, లివర్ నొక్కి పట్టుకుని నిపుల్ పావు చుట్టు తిప్పండి, మూసి, ఆ తర్వాతే లివర్ వదలండి. బుడగలు ఆగేదాకా ఇదే పని. డబ్బీలో మట్టం కింది గీత దిగితే మళ్లీ మొదటికొస్తుంది. చివర్లో లివర్‌ను మెల్లగా కాస్త కదిపితే డబ్బీలో సన్న రంధ్రం మీద చిన్న అల లేస్తుంది. ఆ అల కనిపిస్తే దారి తెరుచుకున్నట్టే.

ప్రశ్న: పెట్రోల్ బంక్ పక్క షెడ్డులో బ్రేకాయిల్ తగ్గిందని ఇంజన్ ఆయిల్ పోశారు. మొత్తం తీసేసి డాట్ 4 రకం బ్రేకాయిల్ పోస్తే సరిపోతుందా? (అల్వాల్)

జవాబు: సరిపోదు, బండి నడపకండి. మనం బ్రేకాయిల్ అంటున్నాం గానీ అందులో నూనె లేదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ జాతి ద్రవాలు, నీళ్లలో కలిసిపోతాయి. బ్రేకు సీళ్ల రబ్బరు వాటికి సరిపడేది. ఇంజన్ ఆయిల్, పెట్రోల్, కిరసనాయిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. డబ్బీలోంచి ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేసి చూడండి. పైన రంగుల తెట్టు కడితే నూనె చేరినట్టే. మాస్టర్ సిలిండర్ కప్పులు, క్యాలిపర్ సీళ్లు, హోస్, మూత కింది రబ్బరు పొర అన్నీ మార్చాలి. లోహపు భాగాలన్నీ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి.

ప్రశ్న: పాత చేతక్ వెనక బ్రేకు పట్టడం లేదు. సీళ్లు మార్చాలా? (మల్కాజిగిరి)

జవాబు: మీ చేతక్‌కు కేబుల్‌తో నడిచే డ్రమ్ బ్రేకు, హైడ్రాలిక్ సీళ్లు లేవు. డ్రమ్ విప్పి షూలు (డ్రమ్‌ లోపల రాసుకుని బండిని ఆపే పట్టీలు) చూడండి. జిడ్డుగా ఉంటే గేరు ఆయిల్ హబ్ సీల్ దగ్గర కారుతోంది. ముందు ఆ సీల్ మార్చి, తర్వాతే కొత్త షూలు వేయండి.

ప్రశ్న: రాజ్‌దూత్ 350కి డిస్క్ బిగించాను. లివర్ రాయిలా ఉంది, బ్రేకు అంతంతమాత్రం. డాట్ 5 వాడితే మెరుగవుతుందా? (తార్నాక)

జవాబు: ఆయిల్ మారిస్తే ఇది తగ్గదు. మన దేశంలో చేసిన రాజ్‌దూత్ 350కి ముందు కూడా డ్రమ్మే వచ్చింది, కాబట్టి మీ మాస్టర్ సిలిండర్, క్యాలిపర్ వేర్వేరు బండ్లవి కావచ్చు. సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) పెద్దదైతే అదే పట్టుకు చెయ్యి ఎక్కువ బలం పెట్టాలి. 12.7 మిల్లీమీటర్లకు బదులు 14 వేస్తే సుమారు 22 శాతం ఎక్కువ. బోరు అంకె చాలా సిలిండర్ల మీద అచ్చు వేసి ఉంటుంది. క్యాలిపర్ ఏ బండిదో ఆ బండి మాస్టర్ సిలిండరే వేయండి.

డాట్ 5 సిలికాన్ ద్రవం, డాట్ 4తో కలవదు. డాట్ 4నే ఉంచండి. తాజాగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ 3.7 శాతం చేరితే ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. మన వానాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని రెండేళ్లకోసారి, బండి ఎక్కువగా నిలబడే ఉంటే ఏటా మార్చండి. చిన్న సీసాలే కొనండి, మూత తీసి మిగిలింది దాచవద్దు.