మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ముత్తాత తమ్ముడు ఆఫ్రికాలో ఉగాండా రైల్వేకి పట్టాలు వేసే పనికి వెళ్ళాడంటారు. నిజమై ఉంటుందా?

నమ్మదగ్గ మాటేనండి. మీది చిత్తూరు దగ్గర పల్లె అన్నారు కాబట్టి ఇంకా నమ్ముతాను. అయితే ఆయన వెళ్ళింది ఉగాండా రైల్వేకి అని మీరు రాశారు, అక్కడే నాకు అనుమానం. మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు దాకా 1896-1901 మధ్య వేసిన ఆ లైనుకు మన దేశం నుంచి సుమారు 32 వేల మందిని తీసుకెళ్ళారు. దాదాపు 2,500 మంది అక్కడే చనిపోయారు. కానీ వాళ్ళలో ఎక్కువమంది పంజాబీలు, కరాచీలో ఓడ ఎక్కినవాళ్ళు.

మన వైపు వాళ్ళు మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్ళారు. 1860లో మొదటి ఓడ బయల్దేరింది మద్రాసు నుంచే. 1911 దాకా 1,52,000 మంది పైగా వెళ్తే, అందులో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసులో ఎక్కినవాళ్ళే. చాలామంది చెరకు తోటలకు, కొందరు బొగ్గు గనులకు, కొందరు నేటాల్ ప్రభుత్వ రైల్వేకు.

నేను పాకాల సెక్షన్‌లో గ్యాంగ్‌మన్‌గా, అంటే పట్టాలు బాగుచేసే కూలీగా చేరి, ఆ ముఠాకు పెద్ద అయిన మేట్‌గా రిటైరయ్యాను. పట్టాలు వేశారని ఒక్క ముక్కలో అనేస్తాం గానీ, లైను వేయడంతో పని అయిపోదు. బండి పోయిన కొద్దీ పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్ల కింద కంకర కదులుతుంది, మళ్ళీ బీటర్ అనే పనిముట్టుతో దట్టించాలి. వానకు కట్ట జారుతుంది. ఎండకు పట్టా సాగుతుంది, మే నెల మధ్యాహ్నం దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అంత కష్టంలోనూ నాకు నెల జీతం, యూనియన్, సెలవు ఉండేవి. నేటాల్ వెళ్ళినవాళ్ళకు ఐదేళ్ళ ఒప్పందం. మధ్యలో వదిలిపోతే జైలు. తిండి గింజలు కాక మొదటి ఏడాది కూలి నెలకు 10 షిల్లింగులు. 1895లో ఇంకో చట్టం తెచ్చారు: ఒప్పందం ముగిశాక అక్కడే ఉండిపోవాలంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. పౌండుకు 20 షిల్లింగులు, అంటే ఆరు నెలల కూలి! అది కట్టలేక మళ్ళీ ఒప్పందంలోకి దిగినవాళ్ళు ఎందరో. 1914లో రద్దయ్యేదాకా ఆ పన్ను వాళ్ళ నెత్తిన ఉంది. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు.

ఇక వెతకడం సంగతి. చిత్తూరు జిల్లా అని వెతకకండి, 1911కు ముందు ఆ జిల్లాయే లేదు. చిత్తూరు, తిరుపతి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. మదనపల్లె వైపు బంధువులైతే కడప జిల్లా కింద చూడాలి. నేటాల్ రేవు పట్నం డర్బన్‌లో దాచిన ఓడ జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు కూడా రాసి ఉంటాయి. గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా ఇంగ్లిషులో రాసుకున్నారు కాబట్టి, ఒకే పేరును నాలుగైదు రకాలుగా వెతకాలి. తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తేనే మీ మనిషి అనుకోండి. అందుకే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఆ రెండూ అడిగి రాసుకోండి. వాళ్ళు ఉండగానే అడగండి.