పోడు క్లెయిమ్ కొట్టేశారన్న తమ్ముడికి

తమ్ముడూ, గ్రామసభ ఒప్పుకున్న మీ నాన్నగారి పోడు క్లెయిమ్‌ను, అంటే అడవి భూమిలో సాగు హక్కు కోసం పెట్టిన దరఖాస్తును, సబ్ డివిజన్ కమిటీ కొట్టేసిందనీ, ఉపగ్రహ చిత్రంలో సాగు కనబడలేదన్నారనీ రాశావు. టెన్షన్ పడకు. ముందు ఆ తిరస్కరణ కాగితం చేతికి ఇచ్చారా? 2006 అటవీ హక్కుల చట్టం నిబంధనల ప్రకారం దాన్ని కారణంతో సహా స్వయంగా అందజేయాలి. అందిన రోజు నుంచి 60 రోజుల్లో కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీకి పిటిషన్ పెట్టుకోవచ్చు, ఇంకో 30 రోజులు పెంచే అధికారం వాళ్లకుంది కానీ దాని మీద ఆశ పెట్టుకోకు.

ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. పొలం గట్లు, చదును చేసిన నేల, పాత బావి, శ్మశానం ఫోటోలు తీయండి. 2005 డిసెంబర్ 13 నాటికే సాగులో ఉందని ఊరి పెద్దలు, అంటే క్లెయిమ్ పెట్టినవాళ్లు కాకుండా వేరేవాళ్లు, చెప్పింది రాయించండి. కాగితాలు ఒడియాలో ఉంటాయి, చదవకుండా మాత్రం నాన్నగారిని వేలిముద్ర వేయనివ్వకు!

విచారణ పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదు, సెక్షన్ 4(5) చూపించు. గ్రామసభ మాటంటే ఏమిటో మన ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల వాళ్లకు చెప్పాలా, గని సంగతి గ్రామసభల ముందు పెట్టాలని 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత నియమగిరి కొండల్లో 12 గ్రామసభలూ బాక్సైట్ గనిని వద్దన్నాయి కదా. మీ క్లెయిమ్ ఒప్పుకున్న గ్రామసభ తీర్మానం నకలు రేపే తీసుకో.