గుర్రప్పందేల్లో, క్రికెట్‌లో వాల్యూ బెట్ ఎలా పట్టుకోవాలి? ఎవరైనా నిజంగా సంపాదించారా?

సంపాదించానని చెప్పను, పోగొట్టుకున్నాననీ చెప్పను. ఆ లెక్క కిందికి వచ్చాక చెబుతాను. మాది చిత్తూరు. ఇక్కడ రేస్‌కోర్సు లేదు కాబట్టి సరదా ఉన్నవాడు అటు మద్రాసు గిండీకో, ఇటు బెంగళూరుకో పోవాల్సి వచ్చేది. నేను బెంగళూరు పార్టీ.

2014 జూలైలో ఒక ఆదివారం మా బావ నన్ను తెల్లవారకముందే బస్సెక్కించాడు. పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి మెజెస్టిక్‌లో దిగేసరికి సన్నగా వాన. రేస్‌కోర్సు అక్కడికి దగ్గరే. మా బావ పద్ధతి సులువు: జనం ఏ గుర్రం మీద ఎగబడుతున్నారో చూసి దాని మీదే కట్టడం. నేను రేస్ పుస్తకం తిరగేస్తూ బుకీల బోర్డుల దగ్గర నిలబడ్డాను. పక్కన ఒక పెద్దాయన, రిటైరైన గుమాస్తా వాలకం, చెవి మీద పెన్సిలు. బోర్డు మీది రేట్లన్నీ చిన్న నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తున్నాడు.

"ఏది గెలుస్తుంది సార్?" అన్నాను.

"అది ఆ వెంకన్నకే తెలియాలి నాయనా. ఏది చవగ్గా దొరుకుతోందో అడుగు, చెబుతా."

చెప్పాడు కూడా. ఫేవరెట్, అంటే జనం ఎక్కువగా కట్టే గుర్రం, రేటు వందకు డెబ్బై. వంద పెట్టి గెలిస్తే మన వంద పోగా పైన డెబ్బై వస్తుంది. వందను నూట డెబ్బైతో భాగిస్తే 59 శాతం. ఆ గుర్రానికి అంత అవకాశం ఉందని బోర్డు చెబుతున్నట్టు. ఆరో నంబరు ఒకటికి ఎనిమిది, అంటే తొమ్మిదిలో ఒక వంతు, 11 శాతం. ఇలా తొమ్మిది గుర్రాలవీ కూడితే 121 వచ్చింది. "వంద దాటిన ఈ ఇరవై ఒకటీ బుకీ కూలి. నీ తెలివి ముందు దీన్ని దాటాలి" అన్నాడు.

ఆ ఆరో నంబరు మీద ఆయన లెక్క వేరు. ఫేవరెట్ 60 కిలోలు మోస్తోంది, ఇది 51, అంటే దీనికి పరుగు తేలిక. పొద్దుటి నుంచి వానకు నేల మెత్తబడింది. పోయినసారి కూడా ఇలాంటి తడి నేల మీదే ఇది నాలుగో స్థానంలో వచ్చింది, కానీ చివరి రెండు వందల మీటర్లలో అందరికంటే బాగా దూసుకొచ్చిందట. జనం నాలుగో స్థానాన్ని చూశారు, ఆయన ఆ చివరి రెండు వందల మీటర్లు చూశాడు. ఆరింట ఒక వంతు అవకాశం ఉందని తేల్చాడు. ఆరుసార్లు వంద పెడితే ఆరు వందలు. ఒక్కసారి గెలిచినా తొమ్మిది వందలు చేతికొస్తాయి. బోర్డు చెప్పేదానికన్నా అసలు అవకాశం ఎక్కువుండటం, మీరడిగిన వాల్యూ అంటే ఇంతే.

ఐదు వందలు పెట్టాను. మెడ తేడాతో రెండో స్థానం! ఫేవరెటే గెలిచింది. నాకు కాళ్లు వణికాయి. పెద్దాయన మాత్రం నోట్‌బుక్‌లో ఒక గీత గీసి తర్వాతి రేసు పేజీ తిప్పాడు. మా బావకు రెండు వందల మీద నూట నలభై లాభం. దాంతో మెజెస్టిక్‌లో మసాలా దోసెలు తినిపిస్తూ, "నీ శాతాలు ఎంతకొస్తాయిరా బామ్మర్దీ?" అని కోలారు దాకా ఏడిపించాడు.

అయినా ఆ రోజు నుంచి నేనూ నోట్‌బుక్ పెట్టాను. మూడేళ్లలో 112 పందేలు, 15 గెలుపులు, నికరంగా 4,300 రూపాయల లాభం. పద్ధతి పనిచేస్తుందనే నా నమ్మకం, కానీ ఇన్ని తక్కువ పందేల్లో అదృష్టం పాలెంతో చెప్పలేను. బస్సు చార్జీలు కలిపితే నష్టమే అనుకోండి, ఆ పేజీ మా ఆవిడ చూడలేదు.

నిజానికి ఇదంతా నాకు ఇంట్లోనే తెలిసుండాలి. మా నాయన పూత మీద మామిడి తోటలు కొనేవాడు. "తోట బాగుంటే చాలదురా, బేరం బాగుండాల" అనేవాడు. కాయలు విరగకాసిన తోటను ఎక్కువకు కొని మునిగినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. ఇక 2025లో అయితే కాపు అంచనాలు సరిగ్గా వేసినవాళ్లూ మునిగారు. తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు చేతినుంచి ఇవ్వాల్సి వచ్చింది.

క్రికెట్ సంగతి అడిగారు. వదిలేయండి. ఆంధ్రలో 2020 నుంచే ఆన్‌లైన్ పందేలు నిషేధం, 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. గుర్రప్పందేలను మాత్రం నైపుణ్యంతో కూడిన ఆటేనని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, దేశమంతా చూసే ఐపీఎల్ మ్యాచ్‌లో బుకీకి తెలియనిది మనకేం తెలుస్తుంది? ఎవరూ పట్టించుకోని అయిదో క్లాసు, అంటే కింది తరగతి గుర్రాల రేసులోనే చవక బేరాలు ఉండేవి. టెలిగ్రామ్‌లో టిప్స్ అమ్మేవాళ్ల జోలికి అసలు పోకండి. తిరుపతిలో ఉండే మా పెదనాన్న కొడుకూ నేనూ ఒకడి దగ్గరే చెరో రెండు వేలు కట్టాం. ఒకే రేసుకు వాడికి మూడో నంబరు పంపాడు, నాకు ఏడో నంబరు. రెండూ "హండ్రెడ్ పర్సెంట్ షూర్" అట!

ఇప్పుడైతే గుర్రాల్లోనూ వాల్యూ మిగల్లేదు. 2025 సెప్టెంబరు నుంచి పందేల మీద జీఎస్టీ 40 శాతం, అదీ పందెం మొత్తం మీద. గెలిచిన దాని మీద 30 శాతం ఆదాయపు పన్ను వేరే, ఓడినవి అందులోంచి తీసేయడానికి కుదరదు. పెద్దాయన గుర్రాన్నే తీసుకోండి. వంద పందేనికి సగటున నూట యాభై తిరిగొచ్చే బేరం అది, ఏడాదికి నాలుగు కూడా దొరకవు. వంద మీద నలభై జీఎస్టీ కడితే, ఆదాయపు పన్నుకు ముందే అందులో మిగిలేది పది.

అందుకే నేను రేసులు మానేశాను. నోట్‌బుక్ మానలేదు, ఇప్పుడు అందులో తోటలు రాస్తున్నాను. పోయిన పూతకు బంగారుపాళ్యం దగ్గర ఒక తోట చూసి తొమ్మిది టన్నులు అని రాసుకున్నాను. మా నాయన బండి దిగకుండానే ఆరు అన్నాడు. ఆరున్నర వచ్చింది.