తామరాకు కొట్టేయమ్మా

అమ్మాయీ,

నీ వ్యాసం రాత్రే చదివాను. మీ తాతయ్యకు మూత్రం గొట్టం మార్చిన రోజు, నర్సు బయటికి లాగిన పాత గొట్టం చివర సన్నటి జిగురు పొర చూశానని రాశావే, అక్కడ ఆగిపోయాను. మా నాన్న మంచం పక్కన అలాంటి గొట్టాన్నే చూస్తూ కూర్చున్న రాత్రులు గుర్తొచ్చాయి.

ఆ తర్వాత పేరాకే కోపం వచ్చింది. 'బ్యాక్టీరియాను చంపే ప్లాస్టిక్' అంటావా! నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికాలోని ఎంఐటీతో కలిసి 2012లో ప్రకటించిన ఆ పాలిమర్ల (ప్లాస్టిక్ లాంటి పదార్థాల) పని చంపడం కాదు. అంటుకోనివ్వకపోవడం. కథంతా ఈ తేడాలోనే ఉంది. చంపే పూత మీద చచ్చిన కణాలే పేరుకుని, వెనక వచ్చేవాటికి చోటిస్తాయి. అసలు కాలు మోపే వీలే లేకపోతే బ్యాక్టీరియా ఆ జిగురు పొర కట్టడమే కష్టం. ల్యాబ్‌లో ఈ పూత వేసిన సిలికోన్ మీద, మార్కెట్లో దొరికే, బ్యాక్టీరియాను చంపే వెండి పూత గొట్టంతో పోలిస్తే, బ్యాక్టీరియా పట్టిన మేర 30 రెట్ల దాకా తగ్గింది. ఏదీ చంపకుండానే!

పాతికేళ్ల కిందట ఇలాంటి పూత గురించే నేను 'అంటనివ్వదు' అని రాస్తే, సంపాదకుడు 'మట్టుబెడుతుంది' అని దిద్ది, పైన 'సూక్ష్మజీవులపై యుద్ధం' అని హెడ్డింగ్ పెట్టాడు. ఊపుండాలట. వారం తిరక్కుండా ఒకాయన కార్డు రాశాడు: ఆ గొట్టం వేయిస్తే మా అమ్మకు యాంటీబయాటిక్ మానేయొచ్చా అని. ఆ కార్డు ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. విశేషణం తప్పితే వాక్యం చెడుతుంది, అంతే. క్రియ తప్పితే సైన్సే తప్పుతుంది.

ఇక ఆ పూతకు నువ్విచ్చిన పోలిక, 'తామరాకు మీద నీటిబొట్టు'. కొట్టేయి. వాళ్లు గాజు పలక మీద వందల రకాల అక్రిలేట్ పాలిమర్లను చుక్కలుగా పెట్టి, ఒక్కో చుక్కకు స్యూడోమోనాస్, స్టాఫిలోకాకస్, ఈ.కోలి అనే బ్యాక్టీరియా ఎంత పట్టాయో చూశారు. నీళ్లు జారడాన్ని బట్టి గానీ, నునుపును బట్టి గానీ ఏది పనిచేస్తుందో చెప్పలేకపోయారు. నెగ్గినవాటిలో తరచుగా కనిపించింది ఎస్టర్లు, ఉంగరంలా చుట్టుకున్న హైడ్రోకార్బన్లు అనే రసాయన భాగాలు. ముందే ఊహించడం కుదరదు గనకే అన్ని చుక్కలు పెట్టారు. నీ తామరాకు ఆ కష్టాన్నంతా తుడిచేసింది.

నువ్వడిగిన పుస్తకం సంగతి తర్వాత చూద్దాం. తాతయ్య గురించిన నాలుగు వాక్యాలు కదపకు. మిగతాది మళ్లీ రాసి పంపు. ఈసారి ఆ పొర ఏ రంగులో ఉందో కూడా రాయి.