టెక్ సందేహాలు: కొత్త స్కీలు ఎలా ఉన్నాయో ఫోను చెప్పగలదా?

ప్రశ్న: వరంగల్ నిట్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. నిరుడు ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీయింగ్ ప్రాథమిక కోర్సు చేశాను. ఆస్ట్రియాలో ఉండే మా బావ ఈసారి వస్తూ కొత్త స్కీల జత తెచ్చిచ్చారు. పొడవు 188 సెంటీమీటర్లు, మీద 30 మీటర్లు అని రాసి ఉంది. చేతులతో ఎంత నొక్కినా వంగడం లేదు. ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాను. కోర్సులో వాడిన స్కీల కంటే ఇవి మెరుగో కాదో తేల్చుకోవడానికి ఏ యాప్ మంచిది? బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగింపును కూడా యాప్‌లో చూసి నేనే పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: యాప్ పేర్లు చెప్పడం తేలికే. స్లోప్స్, స్కీ ట్రాక్స్ రెండూ మీ వేగాన్ని, దిగిన ఎత్తును, తిరిగిన దారిని నమోదు చేస్తాయి. కానీ మీరు అడిగినదానికి వాటిలో జవాబు దొరకదు. ముందు మీ చేతికి వచ్చినవేమిటో చూద్దాం.

188 సెంటీమీటర్లు, 30 మీటర్లు అనేవి అంతర్జాతీయ స్కీ సమాఖ్య మహిళల జెయింట్ స్లాలమ్ (పాతిన కర్రల మధ్య పెద్ద మలుపులు తిరుగుతూ దిగే) పోటీలకు నిర్ణయించిన కొలతలు. పురుషులకైతే పొడవు 193. అంటే మీ బావగారు తెచ్చినవి పోటీల కోసం చేసిన రకం. ఇలాంటి వాటిలో చెక్కకు పైనా కిందా టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు అతికిస్తారు. చేతికి వంగకపోవడానికి కారణం అదే. గట్టి మంచు మీద వేగంగా దిగుతున్నప్పుడు అదరకుండా నిలకడగా పోవడానికి కారణమూ అదే.

ఇక ఆ 30 మీటర్ల సంగతి. స్కీ నడుము దగ్గర సన్నగా, రెండు చివర్లా వెడల్పుగా ఉంటుంది కాబట్టి దాని అంచు ఒక పెద్ద వృత్తంలోని ముక్కలా వంపు తిరిగి ఉంటుంది. ఆ వృత్తం వ్యాసార్థం 30 మీటర్లు. మలుపులో బైకును వాల్చినట్టు స్కీని పక్కకు వాల్చి, బరువుతో వంచితే అది అంతకంటే చిన్న వృత్తంలో తిరుగుతుంది. మీరు ఇంజినీరింగ్ విద్యార్థి కాబట్టి లెక్క కూడా చెబుతాను. 45 డిగ్రీలు వాలిస్తే 30ని కొసైన్ 45తో గుణించాలి, దాదాపు 21 మీటర్లు వస్తుంది. అంత వాలినా పడిపోకుండా నిలబడాలంటే మీ వేగం సెకనుకు 14.4 మీటర్లు, అంటే గంటకు 52 కిలోమీటర్లు ఉండాలి. నేర్చుకునేవారికి ఇచ్చే 14 మీటర్ల వ్యాసార్థం ఉన్న స్కీకి ఇదే లెక్క వేస్తే 35 కిలోమీటర్లు సరిపోతుంది. కొండ వాలును పట్టించుకోని మోటు లెక్కే ఇది, అయినా తేడా ఎంతో తెలుస్తుంది. 35 నుంచి 52కు వెళ్తే గతిశక్తి రెట్టింపుకు మించి పెరుగుతుంది. పడినప్పుడు మోకాళ్లకు తెలిసేది ఆ శక్తే.

ఒక కోర్సు చేసినవారికి మంచు మీద ఆ వేగం ఇంకా అలవాటు కాదు. నెమ్మదిగా దిగితే ఈ స్కీ వంగదు. వంగకపోతే తిరగదు. తిరగడం లేదని కంగారుపడి వెనక్కి వాలితే ముందుభాగం మీద బరువు తగ్గి, స్కీ మీ మాట వినకుండా నేరుగా కిందికి లాక్కుపోతుంది. తప్పు స్కీది కాదు, మీదీ కాదు. దాన్ని చేసింది వేరే వేగం కోసం.

యాప్ చూపే గరిష్ఠ వేగంతో ఈ సంగతి ఎందుకు తేలదంటే, పొడవైన స్కీ మీద మలుపు తిప్పలేక జారిపోయినప్పుడు కూడా వేగం పెరుగుతుంది! అదుపు తప్పిన పరుగునే యాప్ మీ రికార్డుగా చూపిస్తుంది. దీనికి తోడు జీపీఎస్ పొరపాట్లు. ఫోను లోపలి జేబులో ఉండి, మీ ఒళ్లే ఆకాశానికి అడ్డమైతే రీడింగు ఒక్కసారిగా ఎగురుతుంది. ఫైలు తెరిచి సెకను సెకను వేగాలు చూడండి. 54, 56, 91, 55 అని కనిపిస్తే ఆ 91ని కొట్టేయండి. నిలువునా కిందపడే రాయికే సెకనుకు గంటకు 35 కిలోమీటర్ల చొప్పున వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల వాలు మీద ఘర్షణ అసలే లేదనుకున్నా 12కు మించదు.

మీకు పనికొచ్చే పరికరం ఫోను కెమెరా. స్నేహితుణ్ని దారికి పక్కన, సురక్షితమైన చోట నిలబెట్టి స్లో మోషన్‌లో తీయమనండి. మీరు దాటాక మంచు మీద పడిన గీతలను కూడా తీయించండి. రైలు పట్టాల్లా రెండు సన్నని గీతలు కనిపిస్తే అంచు మీద తిరిగారన్నమాట. మంచు వెడల్పుగా గీకినట్టు ఉంటే పక్కకు జారారన్నమాట. ఒకే వాలు మీద ముందు అద్దె స్కీలతో, తర్వాత కొత్తవాటితో, మళ్లీ అద్దెవాటితో దిగండి. పొద్దున గట్టిగా ఉన్న మంచు ఎండెక్కేసరికి మెత్తబడుతుంది. మూడోసారి దిగకపోతే తేడా స్కీదో మంచుదో తెలియదు. అద్దె స్కీలతోనే ఆ సన్నని గీతలు రాకపోతే, కొత్తవాటిని ఈ ఏడాది సంచిలోనే ఉంచండి. ఇది నా గట్టి సలహా.

బైండింగ్ మాత్రం మీరే పెట్టుకోవద్దు. పడినప్పుడు బూటును వదిలేసి కాలు విరగకుండా కాపాడేది అదే. అది ఎంత బలానికి వదలాలో చెప్పే అంకెను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ తీరు చూసి ఐఎస్‌ఓ 11088 ప్రమాణం ప్రకారం నిర్ణయిస్తారు. యాప్ కూడా ఆ పట్టికే చూపించవచ్చు. కానీ స్క్రూను ఆ అంకె దగ్గర ఆపినంత మాత్రాన స్ప్రింగు అదే బలం దగ్గర వదులుతుందన్న హామీ లేదు, దాన్ని యంత్రం మీద పరీక్షించాలి. మడమ వైపు ముక్కను మీ బూటు పొడవుకు జరిపి, ముందుకు తోసే ఒత్తిడి సరిగా ఉందో లేదో కూడా చూడాలి. ఇంకో సంగతి: కొన్ని రేసు బైండింగ్‌ల స్కేలు 6 దగ్గరో 8 దగ్గరో మొదలవుతుంది. మీకు కావలసింది అంతకంటే తక్కువైతే ఆ బైండింగ్ మీకు పనికిరాదు, మార్చాల్సిందే. స్కీలతో పాటు బూట్లు కూడా పట్టుకెళ్లి, అనుభవమున్న టెక్నీషియన్‌కు చూపించండి.

మీరు అడగకపోయినా చెబుతున్నాను: తిరిగొచ్చాక వీటిని రేకుల గదిలోనో కారు డిక్కీలోనో పెట్టకండి. మన మే నెల ఎండ పొరలను అతికించిన జిగురుకు మంచిది కాదు. వానాకాలం తేమ ఉక్కు అంచులకు తుప్పు పట్టిస్తుంది. తడి పూర్తిగా తుడిచి, అడుగుకూ అంచులకూ మందంగా మైనం పట్టించి, గీకకుండా అలాగే వదిలేయండి. మళ్లీ మంచు మీదకు వెళ్లే ముందు గీకితే చాలు.

ప్రశ్న: మా అమ్మాయి స్నేహితులతో గుల్మార్గ్ గొండోలాలో (కొండ మీదికి తీసుకెళ్లే రోప్‌వేలో) పై దశ వరకు వెళ్లి అక్కడి నుంచి స్కీ చేస్తుందట. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టుకుంటే మంచు చరియలు విరిగిపడే ప్రమాదం నుంచి రక్షణ ఉంటుందా?
– ఒక తల్లి, మంచిర్యాల

జవాబు: ఉండదమ్మా. లైవ్ లొకేషన్‌కు నెట్‌వర్క్ కావాలి, అది ఉన్నా కొన్ని మీటర్ల తేడా వస్తుంది. మంచు కింద చిక్కుకున్నవారిని బయటికి తీయడానికి దొరికేది మొదటి పది, పదిహేను నిమిషాలే. ఆ పనికి 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే అవలాంచ్ బీకన్ ఉంటుంది, అంటే మంచు కింద ఉన్నవారి జాడ తెలిపే సంకేతాలను పంపే, అందుకునే చిన్న పరికరం. జట్టులో ప్రతి ఒక్కరి ఒంటి మీదా అది ఉండాలి, దానితో పాటు మంచులోకి గుచ్చి వెతికే కడ్డీ, పార ఉండాలి, వాటిని వాడటం ముందే సాధన చేసి ఉండాలి. ఫోను బీకన్‌ను గందరగోళపరుస్తుంది, కాబట్టి మామూలుగా 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. ఇవేవీ లేకపోతే గస్తీ ఉన్న హద్దు దాటవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఈ విషయంలో మొహమాటపడవద్దు.

ప్రశ్న: మంచు ప్రాంతంలో నా ఫోను 30 శాతం చూపిస్తూనే ఆగిపోయింది. బ్యాటరీ పాడైందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాడై ఉండకపోవచ్చు. చలిలో లిథియం అయాన్ బ్యాటరీ అంతర్గత నిరోధం పెరుగుతుంది. కెమెరా తెరవగానే వోల్టేజి పడిపోయి ఫోను ఆగిపోతుంది, వెచ్చబడ్డాక మళ్లీ లేస్తుంది. ఐఫోన్‌నే 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని తయారీదారు చెబుతాడు. జాకెట్టు లోపలి జేబులో పెట్టుకోండి. చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఛార్జింగ్ పెట్టకండి. సున్నా కంటే దిగువన ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

జమ్మూ కశ్మీర్ వెళ్లేవారు ఇంకొకటి చూసుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తాయి. కాజీపేటలో రైలెక్కే ముందే మార్పించుకోండి.