కాంటా ఎక్కేవాళ్ల గురించి రాయమ్మా

హైదరాబాద్

అమ్మాయికి,

బాక్సింగ్‌లో బరువు విభాగాలు మళ్లీ ఎనిమిదికి తగ్గించాలంటూ నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి రెండు పేజీలు ఆపకుండా చదివాను. మూడో పేజీలో "కిలోన్నర తేడాకి ఇంకో ప్రపంచ ఛాంపియనా?" అన్నావు చూడు, అక్కడ కోపం వచ్చింది. అందుకే ఈ ఉత్తరం. ఏ పత్రికకి పంపాలి, కలం పేరు ఉండాలా వద్దా అని అడిగావు. అవి ఇప్పుడు వద్దు.

ఎవరి ఒంట్లో కిలోన్నర? నీకూ నాకూ అయితే అది సంక్రాంతికి పెరిగి శివరాత్రికి తగ్గే బరువు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అన్నిటికన్నా చిన్న విభాగం 105 పౌండ్లు, అంటే 47.6 కేజీలు. ఆ పైది 108. నువ్వు వెక్కిరించిన కిలోన్నర తేడా, సరిగ్గా లెక్కేస్తే 1.36 కేజీలు, ఇక్కడే ఉంది. అంత చిన్న ఒంట్లో కరిగించడానికి కొవ్వేమీ మిగలదు. దించాల్సింది నీళ్లే.

నేను స్పోర్ట్స్ డెస్కులో కొత్తగా చేరిన రోజుల్లో ఎల్బీ స్టేడియంలో ఒక బాక్సింగ్ టోర్నమెంట్ వెయింగ్‌కి, అంటే పోటీకి ముందు బరువు తూచే చోటికి, వెళ్లాను. ఒక కుర్రాడు 200 గ్రాములు ఎక్కువ తూగాడు. గంట టైమిచ్చారు. రెండు స్వెట్టర్లు, వాటి మీద రెయిన్‌కోటు వేసుకుని గ్యాలరీ మెట్లు ఎక్కుతూ దిగుతూ పరుగెత్తాడు. చూయింగ్ గమ్ నములుతూ ఖాళీ సీసాలోకి ఉమ్ముతూనే ఉన్నాడు. తిరిగొచ్చాక కోచ్ ఒళ్లంతా పొడి తువ్వాలుతో తుడిచాడు, చెమటకి కూడా బరువుంటుంది కాబట్టి. ఇద్దరు పిల్లలు తువ్వాలు అడ్డం పట్టుకుంటే డ్రాయరు కూడా విప్పేసి ఊపిరి బిగబట్టి కాంటా ఎక్కాడు. పాసయ్యాడు. దిగాక నీళ్ల సీసా చేతికిస్తే మొదట తాగలేదు. వేలు తడిపి పెదాలకి రాసుకున్నాడు. ఒక్కసారిగా తాగితే వాంతి అవుతుందట.

ఆ రాత్రి ఆఫీసులో ఇదంతా రాసిచ్చాను. నైట్ ఇన్‌ఛార్జి మొత్తం కొట్టేశాడు. "కిలోలూ గ్రాములూ కూరగాయల ధరల్లో రాసుకో. ఇక్కడ ఎవడు గెలిచాడో చెప్పు చాలు" అన్నాడు. పేపర్లో రెండు లైన్లొచ్చింది, అందులోనూ ఆ కుర్రాడి పేరు తప్పు. ఆ పక్కనే వాన వల్ల క్రికెట్ ఆట సాగలేదన్న వార్త మూడు కాలాల్లో ఉంది. తర్వాత అదే కుర్రాడి మీద కథ రాసి ఒక వారపత్రికకి పంపితే, తెలుగు పాఠకుడికి బాక్సింగ్ ఎందుకని తిప్పి పంపారు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే చెబుతున్నా, తర్వాత ఎవరు కొట్టేసినా సరే, నువ్వు మాత్రం కేజీలతో సహా రాయి.

ఇక నీ వాదం. ఎనిమిదే విభాగాలున్న రోజులు స్వర్ణయుగం అన్నావు. ఈమధ్య ఏ వ్యాసం తెరిచినా "ఆ రోజులే వేరు" అన్న నిట్టూర్పే. ఆ ఫ్యాషన్ నీకెందుకు? 1909లో లండన్ నేషనల్ స్పోర్టింగ్ క్లబ్ ఎనిమిది బరువులు ఖాయం చేసిన మాట నిజమే. కానీ 1920ల్లోనే అమెరికాలో జూనియర్ లైట్‌వెయిట్ లాంటి కొత్త విభాగాలు పుట్టుకొచ్చాయి. నువ్వు చెప్పిన అమెరికా బాక్సర్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో ఫెదర్‌వెయిట్, లైట్‌వెయిట్, వెల్టర్‌వెయిట్ విభాగాల ప్రపంచ టైటిళ్లు మూడూ ఒకేసారి తన దగ్గర పెట్టుకున్నాడు. అది అంత గొప్ప ఎలా అయింది? ఒక్కో బరువుకి లోకం ఒక్కణ్ణే ఛాంపియన్ అనేది కాబట్టి. ఆ ఘనత ఎనిమిది అనే అంకెకి కట్టబెట్టావు.

ఇప్పుడు అందరూ ఒప్పుకునేవి పదిహేడు విభాగాలు. ఒక్కోదానికి డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని టైటిళ్లిచ్చే నాలుగు సంస్థలు, నాలుగు ఛాంపియన్ బెల్టులు. పదిహేడు నాలుగుల అరవై ఎనిమిది. ఇవిగాక మధ్యంతర బెల్టులు, ఒకే సంస్థలో 'సూపర్' ఛాంపియన్ ఒకడు, 'రెగ్యులర్' ఛాంపియన్ ఇంకొకడు. పేరంటంలో తాంబూలాలు పంచినట్టు పంచేస్తున్నారు. ఎందుకంటే టైటిల్ పోటీ జరిగిన ప్రతిసారీ ఆ సంస్థ బాక్సర్ సంపాదనలోంచి ఫీజు పట్టుకుంటుంది, మామూలుగా 3 శాతం దాకా. బెల్టు పెరిగితే ఫీజు పెరుగుతుంది. నీ వ్యాసంలో ఈ ఫీజు మాటే లేదు. కోపం చూపించాల్సిన చోటు వదిలేసి, 105 పౌండ్ల మనిషి మీద చూపించావు.

నీ వాదానికి నిజంగా బలమిచ్చే లెక్క ఒకటుంది, నీ కంట పడలేదు. 105 నుంచి 130 దాకా 25 పౌండ్లలో ఎనిమిది విభాగాలు ఇరుక్కుని ఉన్నాయి. లైట్ హెవీ 175 నుంచి క్రూజర్ 200కి అదే 25 పౌండ్లు ఒక్క అంగలో దాటేస్తారు. ఇది చూపించి చిన్న బరువుల్లో ఇరుకెక్కువైంది అని ఉంటే కాసేపు ఆలోచించేవాణ్ణి. 115ని 118లో కలిపేద్దామంటే నేను పెద్దగా గొడవపడను. కానీ శాతాల్లో కూడా చూడు. 105 మీద 3 పౌండ్లంటే దాదాపు 3 శాతం, 175 మీద 25 అంటే 14 శాతం పైనే. ఇరుకు కింద ఉంటే ఖాళీ పైన ఉంది. డబ్ల్యూబీసీ 2020లో 224 పౌండ్ల దాకా బ్రిడ్జర్‌వెయిట్ అని పద్దెనిమిదోది పెట్టిందీ అందుకే.

విభాగాలు తగ్గిస్తే మెట్టుకీ మెట్టుకీ ఎడం పెరుగుతుంది. మధ్యలో పడినవాడు పైకెళ్లి పెద్ద ఒంటివాడి చేత తన్నులు తినాలి, లేదా కిందికి దిగడానికి ఒళ్లు పిండుకోవాలి. ప్రొఫెషనల్స్‌లో కాంటా ఎక్కేది ముందురోజు. పోటీ వేళకి మళ్లీ పెరుగుతారు. 2000 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆర్టురో గాటీ, జోయీ గమాష్ అనే ఇద్దరు బాక్సర్లు తలపడ్డారు. ఒప్పుకున్న బరువు 141 పౌండ్లు. పోటీ రాత్రి టీవీవాళ్లు తూస్తే గాటీ 160, గమాష్ 145. రెండో రౌండులోనే గమాష్ పడిపోయాడు. మెదడు దెబ్బతింది, మళ్లీ రింగులోకి రాలేదు. తూచే వేళ మార్చకుండా విభాగాలు ఎనిమిది చేసినా ఎనభై చేసినా ఇలాంటివి ఆగవు.

విభాగాలు తక్కువైతే ఏమవుతుందో అమెచ్యూర్‌లో మనవాళ్లే అనుభవించారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకిచ్చినవి మూడే: 51, 60, 75 కేజీలు. మేరీ కోమ్ అప్పటికి 48 కేజీల దాకా ఉన్న విభాగాల్లో ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆమె బరువుకి ఒలింపిక్స్‌లో చోటే లేదు. 51కి పెరిగి దిగింది. సెమీస్‌లో నికోలా ఆడమ్స్ చేతిలో ఓడి కాంస్యంతో వచ్చింది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది 52 కేజీల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో 52 లేదు, 50 ఉంది, ఆ పైన 54. ఆమె కిందికి దిగింది. 2023లో 50లోనూ ప్రపంచ టైటిల్ గెలిచింది. 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో 5-0తో ఓడింది. వూ యూ తర్వాత బంగారం గెలిచింది, మంచి బాక్సరే. నిఖత్ 52లో ఆడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పను. ఆ రెండు కేజీలు దించుకోవాల్సి వచ్చిన మనిషి ముందు కూర్చుని నీ మూడో పేజీ గట్టిగా చదవగలవా? నేనైతే చదవలేను.

హైదరాబాద్‌లోనే ఉంటున్నావు కదా. ఈసారి ఎక్కడైనా పోటీలు పెడితే ఫైనల్స్‌కి వద్దు, పొద్దున్నే వెయింగ్ టైముకి వెళ్లు. లోపలికి రానివ్వకపోతే బయటే నిలబడు. అరటిపండు, గ్లూకోజు పట్టుకుని పిల్లలు బయటికొస్తారు, వాళ్లతో మాట్లాడు. ఎంత దించారు, ఎన్ని రోజుల్లో దించారు, ఇంట్లో అమ్మ ఏమంది అని అడుగు. ఎవరు గెలిచారన్నది తర్వాత అడగొచ్చు. ఆ తర్వాత మూడో పేజీ మళ్లీ రాయి. 'ఎనిమిది చాలు' అనే అనిపిస్తే అలాగే ఉంచు, కానీ అప్పుడు 48 కేజీల వాళ్లని ఎక్కడ నిలబెడతావో కూడా అందులోనే రాయాలి.

బెల్టుల ఫీజు మీద ఒక పేజీ చేర్చు. స్వర్ణయుగం పేరా పూర్తిగా తీసేయి. ఆర్మ్‌స్ట్రాంగ్ పోరాటాన్ని వర్ణించిన చోటు మాత్రం ఒక్క అక్షరం మార్చకు, బాగా రాశావు. రాసింది నాకే పంపు, ఈ నెలాఖరు దాకా ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో